మీటు లేని స్వరం: గిటారు ట్యాపింగ్ సాధనపై ఒక సమీక్ష

గిటారుపై ట్యాపింగ్ అని పేరుపడిన పద్ధతిలో తీగను మీటరు. వేలికొసతో దాన్ని మెట్టు మీదికి సూటిగా తట్టి స్వరాన్ని పలికిస్తారు. మామూలు వాదనంలో ఎడమచేయి స్వరస్థానాన్ని నొక్కి పట్టుకుంటే కుడిచేయి తీగను కదిలిస్తుంది, అంటే స్థానం ఒక చేతిది, నాదం మరో చేతిది. ట్యాపింగ్‌లో ఈ పంపకం చెరిగిపోయి, తట్టిన వేలే స్థానాన్నీ నిర్ణయిస్తుంది, నాదాన్నీ పుట్టిస్తుంది. కుడిచేయి మీటే చోటు విడిచి మెట్ల మీదికి వచ్చి ఎడమచేతి సరసన నిలుస్తుంది. ఈ పద్ధతిని ఎలా సాధన చేయాలన్న ప్రశ్నకు పాశ్చాత్య గిటారు బోధనలో ఏడు దశాబ్దాలుగా జవాబులు పోగుపడ్డాయి. అవి దాదాపు అన్నీ ఒక్కో స్వరం ఒక్కో మెట్టు దగ్గర కదలక నిలిచే సంగీతాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పిన జవాబులే. తిరుపతిలోనో చిత్తూరులోనో గిటారు పట్టే విద్యార్థి చెవి అన్నమయ్య కీర్తనల నడుమ, నాదస్వరం నడుమ, సినిమా పాట నడుమ పెరిగింది కాబట్టి, ఆ చెవి స్వరాన్ని ఊగే గీతగా వింటుంది. అందువల్ల ఇక్కడ సమీక్షించవలసిన ప్రశ్నకు రెండు పొరలున్నాయి: ట్యాపింగ్ సాధన గురించి స్థిరపడిన విషయాలేవి అన్నది పై పొర, గమకం ఎరిగిన చెవికి ఆ సాధన ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ మార్చుకోవలసి వస్తుంది అన్నది లోపలి పొర.

తీగను మీటినప్పుడు వేలు గాని, వేళ్ల మధ్య పట్టుకునే పిక్ అనే చిన్న బిళ్ల గాని దాన్ని పక్కకు లాగి వదులుతుంది. ఎంత దూరం లాగితే నాదం అంత గట్టిగా ఉంటుంది. తట్టినప్పుడు మాత్రం తీగ కదిలేది దానికీ మెట్టుకూ మధ్యనున్న ఎడం మేరకే, ఆ ఎడం బాగా అమర్చిన ఎలక్ట్రిక్ గిటారులో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. పైగా ఆ తాకిడి, కంపించే తీగకు సరిగ్గా ఒక కొసన పడుతుంది. అందుకే తట్టిన స్వరం మీటిన స్వరం కన్నా సహజంగానే పలచన, దాని బలం వేలు ఎంత గట్టిగా నొక్కిందన్న దానికంటే ఎంత వేగంగా దిగిందన్న దానిమీద ఆధారపడుతుంది. యూరప్‌లో పియానోకు ముందునుంచే వాడుకలో ఉన్న క్లావికార్డ్ అనే వాద్యం ఇదే సూత్రం మీద పనిచేసేది: కీ నొక్కితే చిన్న ఇత్తడి పలక లేచి తీగను తాకి, నొక్కినంతసేపూ అక్కడే నిలిచి, తానే మెట్టుగా మారేది. ఇంట్లో కూర్చొని వినడానికే తప్ప సభకు చాలనంత మెత్తన దాని నాదం. విద్యుత్తుతో నాదాన్ని పెంచే యాంప్లిఫయర్ వచ్చాకే తట్టిన స్వరం సభ చివరి వరుస దాకా చేరగలిగింది కాబట్టి, ట్యాపింగ్ చరిత్ర ఎలక్ట్రిక్ గిటారు చరిత్రతో ముడిపడటం యాదృచ్ఛికం కాదు.

క్లావికార్డ్ పోలిక ఇంకొక చోట కూడా పనికివస్తుంది. తట్టిన తీగ రెండు ముక్కలవుతుంది. మెట్టు నుంచి గుర్రం దాకా, అంటే తీగలను పొట్ట మీద మోసే వంతెన దాకా ఉన్న ముక్క కావలసిన స్వరాన్ని పలుకుతుంటే, మెట్టు నుంచి మెడ పైకొసన నట్ అనే పట్టీ దాకా ఉన్న రెండో ముక్క అక్కరలేని మరో స్వరాన్ని సన్నగా పలుకుతుంది. క్లావికార్డ్ తయారీదారులు ఆ రెండో ముక్క నోరు మూయడానికి తీగల మధ్య గుడ్డపట్టీ అల్లేవారు. ఈనాటి గిటారు వాదకులు నట్ దగ్గర జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండునో మెత్తటి పట్టీనో చుట్టుకోవడం ఆ పాత ఉపాయానికి కొత్త రూపం. ఇదిగాక తట్టని మిగిలిన అయిదు తీగలు కూడా పక్కతీగ కదలికకు తామంతట తామే మోగుతుంటాయి. ట్యాపింగ్‌లో నేర్పంతా తట్టడంలో ఉందని చూసేవారికి అనిపిస్తుంది గాని, సాధనలో ఎక్కువ కాలాన్ని మింగేది తట్టనివాటిని మాట్లాడనీయకుండా ఉంచడమే. బోధన గ్రంథాలు మొదటి పేజీల్లో చెప్పవలసిన ఈ సంగతిని తరచు చివరి అధ్యాయానికి నెట్టడం, వేగం మీద మోజు బోధకులకూ తప్పలేదనడానికి గుర్తు.

ఈ పద్ధతిని ఎవరు కనిపెట్టారన్న వివాదం మీద ఎంతో సిరా ఖర్చయింది, ఫలితం తక్కువ. అమెరికాలో జిమ్మీ వెబ్‌స్టర్ 1952లోనే స్పర్శ పద్ధతి పేరుతో బోధన పుస్తకం వెలువరించాడు. ఎమ్మెట్ చాప్‌మన్ 1969లో రెండు చేతులనూ మెడకు అడ్డంగా, ఎదురెదురుగా ఉంచి తట్టే తీరును పట్టుకొని, దానికోసమే పొట్ట లేని, మెడ మాత్రమే ఉన్న కొత్త వాద్యాన్ని రూపొందించి 1974 నుంచి చాప్‌మన్ స్టిక్ పేరుతో అమ్మాడు. ఇంగ్లండ్‌లో జెనెసిస్ బృందపు వాదకుడు స్టీవ్ హాకెట్ 1971 నాటి రికార్డులోనే కుడిచేతి తట్టును వాడాడు. ఇంతమంది ముందే ఉన్నా, 1978లో వచ్చిన వాన్ హేలెన్ బృందపు తొలి ఆల్బమ్‌లో ఎడ్డీ వాన్ హేలెన్ వాయించిన రెండు నిమిషాలు కూడా నిండని ‘ఎరప్షన్’ అనే ఏకవాదనం తరువాతే లోకమంతటా కుర్రవాళ్లు ట్యాపింగ్ కోసం గిటారు పట్టారు. 1985లో స్టాన్లీ జోర్డన్ ‘మ్యాజిక్ టచ్’ ఆల్బమ్‌తో మరో దారి చూపాడు: రెండు చేతులూ వేర్వేరు సంగీత రేఖలను ఒకేసారి పలికించే, పియానోకు దగ్గరి దారి అది. వీటికి తోడు మైకేల్ హెడ్జెస్ 1984 నాటి ‘ఏరియల్ బౌండరీస్’లో వినిపించిన అకూస్టిక్ గిటారు దారి ఒకటుంది, అందులో గిటారు పొట్టను మద్దెలలా చరచడం, మెడను తట్టడం కలిసిపోతాయి.

గిటారు దాటి చూస్తే మూలం ఇంకా వెనక్కి జరుగుతుంది. తుర్కీలో సాజ్ వాద్యంపై పిక్ లేకుండా వేళ్లతో వాయించే షెల్పె పద్ధతిలో రెండు చేతుల తట్టు ఉంది. జపాన్ వారి మూడు తీగల షామిసెన్‌పై ఎడమచేతి వేలితోనే తీగను తట్టి పలికించడానికి ఉచి అనీ, గిల్లి పలికించడానికి హజికి అనీ పేర్లున్నాయి. ఈ ప్రాంతపు పాఠకులకు ఇక్కడొక సంబంధం గుర్తుకు రావాలి: మేలు రకం షామిసెన్ మెడలను జపాన్ వారు చెక్కేది శేషాచలం కొండలు సహజ నివాసమైన ఎర్రచందనంతోనే. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడికలో 1995 నుంచి నియంత్రణ జాబితాకెక్కిన ఆ చెట్టు పేరు తిరుపతి చుట్టుపక్కల వినబడేది ఎక్కువగా దొంగరవాణా వార్తల్లోనే గాని, అది వేలి తట్టుకు పలికే మెడగా మారుతుందన్న మాట అరుదుగా వినిపిస్తుంది.

చరిత్ర నుంచి సాధకుడికి పనికివచ్చేది ఒక్కటే: ట్యాపింగ్ అనే ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు విద్యలున్నాయి. ఒక్క తీగ మీద రెండు చేతుల వేళ్లను కలిపి గలగలా స్వరాలు పారించేది వాన్ హేలెన్ దారి, రెండు చేతులకు రెండు సంగీతాలనిచ్చేది జోర్డన్ దారి, నాదాన్నీ దరువునూ కలిపేది హెడ్జెస్ దారి. వీటికి కావలసిన చేతి భంగిమ, తీగల మందం, సాధనక్రమం వేరు. ఒకదానికి రాసిన పాఠాన్ని మరొకదానికి వాడి చేతులు నొప్పి చేసుకునేవారు తక్కువేమీ కాదు. కర్ణాటక సంగీతం ప్రధానంగా ఒకే రేఖగా సాగేది కాబట్టి, ఇక్కడి విద్యార్థికి మొదటి దారే దగ్గర. ఈ సమీక్ష ఇకపై ఎక్కువగా దానిమీదే నిలుస్తుంది.

తిరుపతిలో సంగీత విద్యకు కేంద్రం దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల. 1954లో సంగీత కళానిధి బిరుదు పొందిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన గురువు కాంచీపురం నాయనా పిళ్లె లయ మీది అధికారానికి పేరుపడ్డవాడు. ఆ లయబలం శిష్యుడికీ వచ్చింది. అటువంటి ఊరిలో తీగవాద్యమంటే ముందు గుర్తొచ్చేది వీణ. పనస కర్ర దండి మీద మైనంలో నిలిపిన 24 మెట్లు, స్వరాలు పలికే నాలుగు తీగలు, తాళానికి మూడు పక్కతీగలు గల ఈ వాద్యంలో ఎడమచేయి కేవలం స్థానం చూపే చేయి కాదు; ఒక మీటు మీద తీగను పక్కకు లాగుతూ, జారుస్తూ, తాకి వదులుతూ అనేక స్వరాలను పలికించేది ఆ చెయ్యే. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఆంధ్రదేశంలో ఈ విద్యను జనానికి ఎంత దగ్గర చేశారో చెప్పనక్కరలేదు. అంటే కుడిచేతి మీటు లేకుండా ఎడమచేతి వేలు స్వరం పుట్టించడమన్న ఊహ ఇక్కడి సంగీతానికి పరాయిది కాదు. కుడిచేయి కూడా మెట్ల మీదికి రావడం ఒక్కటే కొత్త.

మెట్లున్న పాశ్చాత్య వాద్యం కర్ణాటక గమకాన్ని మోయగలదా అన్న సందేహానికి ఒక తెలుగువాడే గట్టి జవాబు చెప్పాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, సంప్రదాయపు మాండొలిన్‌ను వదిలి అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టి, దగ్గరదగ్గరగా ఉండే మెట్ల మీద, యాంప్లిఫయర్ ఇచ్చే నిలకడ నాదంతో, ఆ సందేహాన్ని 2014లో కన్నుమూసేలోపే తీర్చివేశాడు. గిటారు విషయంలో 1980లలో సుకుమార్ ప్రసాద్, తరువాత ప్రసన్న ఆ పని చేశారు. ప్రసన్న పుట్టిన రాణిపేట చిత్తూరుకు పొరుగూరు. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడక మునుపు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అయితే వీరు ముగ్గురి విద్యకూ ఆధారం మీటు, జారు, తీగ లాగుడు. ట్యాపింగ్‌కు ఆ జవాబు అలాగే వర్తిస్తుందని అనుకోవడం తొందరపాటు, ఎందుకంటే తట్టిన వేలు ఒక స్థానం మీద సూటిగా దిగినప్పుడు దాని మొదటి మాట ఎప్పుడూ నిటారు స్వరమే.

ఇక్కడే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగులో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనుకోని సహాయం చేస్తుంది. గమకాలకు విడివిడి గుర్తులు ఏర్పరచి, వాటిని వీణ మీద వేళ్లతో ఎలా పలికించాలో చెప్పిన ఆ గ్రంథంలో స్ఫురితం, ప్రత్యాహతం అనే రెండు గమకాలున్నాయి. జంటస్వరాలు ఆరోహణలో వచ్చినప్పుడు, ఉదాహరణకు రిషభం రెండుసార్లు పలికినప్పుడు, రెండో రిషభం కింది షడ్జాన్ని లీలగా తాకి మళ్లీ తన చోటికి ఎగరడాన్ని స్ఫురితం అంటారు. అవరోహణలో ఇదే పని తిరగబడి, పై వేలు తీగను గిల్లి వదలగా కింది స్వరం పలికే తీరుకు ప్రత్యాహతమని పేరు. గిటారు బోధనలో హ్యామర్-ఆన్ అనేది ఎడమచేతి వేలు పై మెట్టుమీద దిగి మీటు లేకుండా స్వరం పలకడం. పుల్-ఆఫ్ అనేది ఆ వేలు లేస్తూ తీగను కొద్దిగా పక్కకు గిల్లడం వల్ల కింది స్వరం పలకడం. ట్యాపింగ్ మొత్తం ఈ రెండిటి మీదే నిలుస్తుంది. పేర్లు వేరైనా వేళ్ల పని ఒకటే కాబట్టి, వీణ జంటవరుసల్లో ట్యాపింగ్ బీజం ఉందనడం అతిశయోక్తి కాదు.

ఈ పోలికలో ఇంకొక లోతు ఉంది. ట్యాపింగ్‌లో ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికించడం కష్టం. మీటే చేయి అదే తీగను మళ్లీ మీటితే చాలు గాని, తట్టే వేలు పూర్తిగా లేచి మళ్లీ దిగాలి. లేచిన క్షణంలో నాదం తెగుతుంది, లేదా ఖాళీ తీగ మోగుతుంది. పాశ్చాత్య అభ్యాసాలు ఈ చిక్కును తప్పించుకోవడానికి ఒకే స్వరం వరుసగా రాకుండా, ఎప్పుడూ మూడు వేర్వేరు స్వరాలు చుట్టి వచ్చేలా రాశారు. జంటవరుస ఆ తప్పించుకునే దారిని మూసేస్తుంది, ఆ వెంటనే మరో దారి తెరుస్తుంది: మొదటి రిషభాన్ని తట్టి, వేలిని గిల్లి వదిలి, షడ్జాన్ని రెప్పపాటు తాకనిచ్చి, మళ్లీ రిషభంపై తట్టితే నాదం తెగకుండా రెండో రిషభం వస్తుంది. అది స్ఫురితమే. అంటే మీటే వాద్యంలో అలంకారంగా ఉన్నది తట్టే వాద్యంలో అవసరంగా మారుతుంది. ఈ ఒక్క కారణం చేతనే గిటారుపై ట్యాపింగ్ మొదలుపెట్టే కర్ణాటక విద్యార్థికి జంటవరుసలను మొదటి పాఠంగా పెట్టడం సమంజసం, పాశ్చాత్య పుస్తకాల క్రమం ఇందుకు భిన్నమైనా సరే.

తెలుగునాట సంగీత పాఠం మాయామాళవగౌళలోని సరళివరుసలతో మొదలవుతుంది. ఈ క్రమాన్ని పురందరదాసు పేరిట చెబుతారు. ఈ రాగపు అమరిక ట్యాపింగ్‌కు కావాలని కుదిర్చినట్టుంటుంది. గిటారులో ఒక్కో మెట్టు అర్ధస్వరం, అంటే స్థాయిలోని 12 స్వరస్థానాల్లో ఒకటి. ఒక తీగ మీద 7వ మెట్టును షడ్జంగా పెట్టుకుంటే శుద్ధ రిషభం 8, అంతర గాంధారం 11, శుద్ధ మధ్యమం 12వ మెట్ల మీద పడతాయి. పంచమం 14, శుద్ధ ధైవతం 15, కాకలి నిషాదం 18, తారషడ్జం 19. పూర్వాంగపు నాలుగు స్వరాల మధ్య ఎడం ఎంతో ఉత్తరాంగపు నాలుగింటి మధ్యా అంతే. పూర్వాంగాన్ని ఎడమచేతికి, ఉత్తరాంగాన్ని కుడిచేతికి అప్పగిస్తే రెండు చేతులూ ఒకే ఆకారాన్ని అద్దంలో చూసినట్టు పలుకుతాయి, ఒక చేతి పొరపాటును రెండో చేయి వెంటనే పట్టిస్తుంది. చిక్కల్లా కొలతల్లో ఉంది: ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వంటి 648 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటారులో 7 నుంచి 12వ మెట్టు దాకా దాదాపు 11 సెంటీమీటర్లు వస్తుంది, 14 నుంచి 19 దాకా 7 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. కుడిచేతికి హాయిగా అందేది ఎడమచేతికి సాగదీతగా మారుతుంది. గాంధారం దగ్గర ఎడమచేతిని కాస్త జరిపితే సరిపోయే ఈ చోట, పట్టుదలకు పోయి చేతిని నలిపించే బోధన మంచిది కాదు.

మోహనం ఇంతకన్నా సులువు. షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం ఎడమచేతికి 7, 9, 11 మెట్ల మీద, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం కుడిచేతికి 14, 16 మెట్ల మీద దొరుకుతాయి. ధైవతం స్థానంలో 18వ మెట్టు మీది కాకలి నిషాదం పెడితే హంసధ్వని. వాన్ హేలెన్ తరహా మూడు స్వరాల చుట్టును, అంటే పంచమం తట్టి, షడ్జానికి వదిలి, గాంధారం మోపే గుచ్ఛాన్ని, ఈ రాగాల్లో చెవికి ఎబ్బెట్టుగా లేకుండా పలికించవచ్చు. తోడి, సహాన, బేగడ, ఆనందభైరవి వంటివాటి సంగతి వేరు. తోడి గాంధారం ఒక మెట్టు మీద నిలిస్తే అది తోడి కానే కాదు. గమకం బరువును బట్టి రాగాలను ఎంచుకోవడమన్న వివేకం సాధనలో మొదటినుంచీ ఉండాలి. ఏ రాగాన్నైనా ట్యాపింగ్‌లో వాయించి చూపించడాన్ని ఘనతగా చెప్పుకోవడం సర్కస్‌కు దగ్గరి పని.

దాటువరుసలు, అంటే పక్కస్వరాన్ని విడిచి దాటి పలికే వరుసలు, ట్యాపింగ్‌లో సరళివరుసల కన్నా తేలిక కావడం కొత్తవారికి వింతగా తోస్తుంది. మీటే చేతికి దూరపు గెంతు ప్రమాదం. తట్టే చేతులు రెండూ ముందే తమతమ చోట్ల ఉన్నాయి కాబట్టి గెంతే పని లేదు. తీగల శ్రుతి విషయంలో జోర్డన్ చేసిన మార్పు కూడా ఇటువంటి సౌలభ్యం కోసమే. మామూలు గిటారులో ఒక్కో తీగ తన ముందరి తీగకు శుద్ధ మధ్యమం, మూడో తీగకూ రెండో తీగకూ నడుమ మాత్రం అంతర గాంధారపు ఎడం. జోర్డన్ ఆ ఒక్క మినహాయింపునూ తీసేసి అన్నిటినీ మధ్యమాలుగా కట్టాడు, దానితో ఒక తీగ మీద నేర్చిన ఆకారం అన్ని తీగల మీదా పనిచేస్తుంది.

సాధన పద్ధతిపై బోధకుల మధ్య నిజమైన భేదాభిప్రాయం కొన్ని చోట్లే ఉంది. ఏ వేలితో తట్టాలన్నది అందులో చిన్నది: చూపుడువేలికి బలం, గురి ఎక్కువ, కాని పిక్‌ను అరచేతిలో దాచుకోవాలి; మధ్యవేలితో తట్టితే బొటనవేలు చూపుడువేళ్ల నడుమ పిక్ అలాగే ఉండి, తట్టు నుంచి మీటుకు మారడం క్షణంలో అవుతుంది. నట్ దగ్గర పట్టీ చుట్టడం పెద్ద వివాదం. పట్టీ ఉంటే శబ్దం శుభ్రంగా వస్తుంది, ఖాళీ తీగ మాత్రం ఉపయోగానికి రాదు. పైగా మిగతా తీగలను అరచేతి అంచుతో, ఖాళీగా ఉన్న వేళ్ల మెత్తటి భాగంతో అణచిపెట్టే అలవాటు పడదు. సభలో పట్టీ, సాధనలో పట్టీ లేకపోవడం అన్న మధ్యేమార్గమే ఎక్కువమందికి మేలు చేస్తుంది. డిస్టార్షన్, అంటే నాదాన్ని కావాలని బొంగురుపరచి సాగదీసే విద్యుత్ ప్రభావం, దీనికి జోడైన ప్రశ్న. అది గట్టి స్వరాన్నీ మెత్తటి స్వరాన్నీ ఒకే ఎత్తుకు తెస్తుంది కాబట్టి, దాని చాటున సాధన చేసినవాడి వేళ్ల హెచ్చుతగ్గులు ఎప్పటికీ బయటపడవు. శుద్ధమైన నాదంతో, తంబుర శ్రుతి పెట్టుకొని, మెల్లగా సాధన చేస్తే రెండు లోపాలు ఒకేసారి వినిపిస్తాయి: చిటికెనవేలి స్వరం నీరసంగా ఉండటం, తట్టిన వేలు అవసరానికి మించి నొక్కడం వల్ల స్వరం శ్రుతికి ఒక వెంట్రుకవాసి పైకి పోవడం. రెండో లోపం పాశ్చాత్య పుస్తకాల్లో పెద్దగా కనిపించదు, శ్రుతిపెట్టె పక్కన కూర్చునేవారికి మాత్రం మొదటి రోజే వినబడుతుంది.

వేగం గురించి కర్ణాటక బోధనలో ఉన్న మూడు కాలాల పద్ధతి, మెట్రోనోమ్ అంకెను రోజుకు కొంచెంగా పెంచుకుంటూ పోయే పాశ్చాత్య అలవాటు కన్నా ట్యాపింగ్‌కు ఎక్కువ నప్పుతుంది. మొదటి కాలం నుంచి రెండో కాలానికి వెళ్లినప్పుడు తాళం మారదు, స్వరాలు రెట్టింపవుతాయి, వేళ్లు ఒక్కసారిగా కొత్త కదలికను వెతుక్కోవాలి. కొద్దికొద్దిగా పెంచే పద్ధతిలో మెల్లని వేగపు వ్యర్థ కదలికలన్నీ పై వేగానికి మోసుకుపోయే ముప్పు ఉంది. మూడు స్వరాల చుట్టు స్వతహాగా తిస్రగతి, అంటే అక్షరానికి మూడు, కాబట్టి ఆదితాళపు ఎనిమిది అక్షరాల ఆవర్తనంలో ఎనిమిది చుట్లు సరిగ్గా ఇముడుతాయి. అదే చుట్టును చతురశ్రగతిలో, అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే ఆవర్తనానికి 32 స్వరాలు, మూడుతో భాగం కాని సంఖ్య. తట్టు ఒక్కో అక్షరంలో ఒక్కో చోట పడుతూ మూడు ఆవర్తనాలు గడిచి 96 స్వరాలు పూర్తయ్యాకే మళ్లీ సమానికి, అంటే తాళపు మొదటి అక్షరానికి, చేరుతుంది. ఎడమకాలితో తాళం వేస్తూ దీన్ని నిలకడగా వాయించగలిగిన చేతికి లయ విషయంలో ఇక చెప్పవలసింది తక్కువ. నాయనా పిళ్లె పరంపరకు చేరువైన ఊళ్లలో ఈ సాధనకు వేరే పుస్తకం అక్కరలేదు, మృదంగం నేర్చే పొరుగువాడు చాలు.

ఒకే అభ్యాసాన్ని వందసార్లు వాయించడం మంచిదా, మూడు నాలుగింటిని కలగలిపి మార్చిమార్చి వాయించడం మంచిదా అన్న ప్రశ్నకు చలన నైపుణ్యాలను అధ్యయనం చేసే శాస్త్రం కొంత వెలుగు ఇచ్చింది. షీ, మోర్గన్ అనే పరిశోధకులు 1979లో చేతి కదలికలపై చేసిన ప్రయోగంలో, కలగలిపి నేర్చినవారు సాధన సమయంలో వెనకబడినా తరువాత ఎక్కువ గుర్తుంచుకున్నారు. ఆ ప్రయోగం సంగీతం మీద జరిగినది కాదు. దాన్ని గిటారుకు యథాతథంగా అన్వయించకూడదు గాని, సరళి, జంట, దాటు వరుసలను ఒకే పూటలో కలిపి చెప్పే పాత గురువుల అలవాటుకు అది వ్యతిరేకంగా లేదన్నది గమనించదగ్గది. నొప్పి విషయంలో మాత్రం అభిప్రాయభేదానికి చోటు లేదు. మణికట్టు వంచి, బిగబట్టిన వేళ్లతో గంటలకొద్దీ తట్టితే స్నాయువులు వాస్తాయి. వేలికొస గట్టిపడటం మామూలే, మణికట్టులో పోటు మామూలు కాదు. వీణ వాదకులు కింద కూర్చొని దండిని ఒడిలోకి తీసుకునే భంగిమలో ఎడమ మణికట్టు తిన్నగా ఉంటుంది. గిటారును మోకాలి దగ్గరకు వేలాడదీసే రాక్ భంగిమ చూడటానికి బాగుంటుంది గాని, సాధనలో గిటారు మెడను పైకెత్తి, ఛాతీకి దగ్గరగా పెట్టుకోవడమే చేతులకు హితవు.

ట్యాపింగ్‌ను కాగితం మీద నేర్పేది టాబ్ అనే లిపి. తీగలను ఆరు గీతలుగా గీసి మెట్టు సంఖ్యను వాటి మీద వేసే ఈ లిపిలో తట్టుకు, మోపడానికి, గిల్లి వదలడానికి విడివిడి అక్షరాలుంటాయి. ఏ వేలు ఎక్కడ అన్నది అది చక్కగా చెబుతుంది, ఏ స్వరం అన్నది చెప్పదు. మన స్వరలిపి దీనికి సరిగ్గా ఎదురు: స్వరాన్ని చెబుతుంది, వేలిని చెప్పదు. తాళ్లపాక కవుల రాగిరేకుల మీద కీర్తన పక్కన రాగం పేరు చెక్కారు, మిగిలినది గురుముఖానికి వదిలారు. దీక్షితుల గ్రంథం ఈ రెండు కొసల నడుమ నిలుస్తుంది. స్వరాక్షరం మీద గమకపు గుర్తు, గుర్తుకు వేలి వివరణ. ట్యాపింగ్‌ను తెలుగులో బోధించదలచినవారు టాబ్‌ను అరువు తెచ్చుకోవడం కన్నా స్వరలిపి మీద ఎడమచేతికి ఒక గుర్తు, కుడిచేతికి ఒక గుర్తు చేర్చుకోవడం నయం. అప్పుడు విద్యార్థి మెట్టు సంఖ్యను కాక రాగాన్ని చదువుతాడు, షడ్జాన్ని మరో మెట్టుకు మార్చినా పాఠం చెల్లుతుంది.

చివరకు మిగిలేది కంపితం, అంటే స్వరాన్ని ఊపడం. తట్టిన వేలు మెట్టు మీద నిలిచి ఉండగానే తీగ వెంబడి పైకో కిందికో జరిగితే జారు వస్తుంది. నాదం తెగదు, మెట్లు దాటుతున్న గరగర మాత్రం కొద్దిగా వినిపిస్తుంది. ఊపడం అంత తేలిక కాదు, ఎందుకంటే సన్నని తీగలు, తక్కువ ఎడం ట్యాపింగ్‌కు అనుకూలమైనా, కుడిచేతి వేలు నిటారుగా దిగి ఉన్నప్పుడు తీగను పక్కకు లాగే పట్టు దానికి ఉండదు. దీనికి ఉన్న ఉపాయం ఎడమచేతిది. కుడిచేయి పై మెట్టు మీద తట్టి నిలిపిన స్వరానికి వెనుక, కింది మెట్టు దగ్గర ఎడమచేతి వేళ్లు తీగను పక్కకు లాగి వదులుతుంటే, తీగ బిగువు మారి పైనున్న స్వరం ఊగుతుంది. రాక్ వాదకులు తీగను ముందే వంచి ఆపైన తట్టే చమత్కారానికి దీన్ని వాడతారు, ఊపు కోసం వాడటం తక్కువ. మోహన గాంధారపు చిన్న ఊపుకు ఇది సరిపోతుంది. తోడి గాంధారం తిరిగే విస్తృతికి గిటారు తీగ ఇలా లాగితే చాలదు, అక్కడ జారును, లాగుడును కలుపుకోవాలి, లేదా మీటుకు తిరిగి రావాలి. కుడిచేయి స్థానం చూపుతూ ఎడమచేయి నాదాన్ని ఊపే ఈ అమరికలో వీణ మీద ఎడమచేయి చేసే పనే మళ్లీ ఎడమచేతికి దక్కుతుంది, మీటు మాత్రం తట్టుగా మారి కుడిచేతిలోనే ఉంటుంది.